ఎక్కడ కట్టకూడదో ముందు గీసిన డిజైనర్

ఉత్తర చైనాలో సముద్రం ఒడ్డున చిన్‌హువాంగ్‌దావ్ అనే రేవు నగరం ఉంది. దాని శివారులో తాంగ్‌హె నది పారుతుంది. ఇరవై ఏళ్ల కిందట ఆ నది గట్టు మీద చెట్లు, తుప్పలు అడ్డూఆపూ లేకుండా పెరిగి ఉండేవి. మధ్యమధ్యలో చెత్త కుప్పలు. ఊరు అటువైపు పెరుగుతోంది కాబట్టి గట్టును పార్కుగా మార్చాలనుకున్నారు. ఇలాంటి పనికి ఏ దేశంలోనైనా ఒకటే అలవాటు: తుప్పలు నరికి, గట్టు చదును చేసి, రాతి గోడ కట్టి, పచ్చిక పరిచి, ఫౌంటెన్ పెట్టడం. ఆ పని చేపట్టిన ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ యూ కొంగ్‌జియాన్ చెట్ల జోలికీ పోలేదు, తుప్పల జోలికీ పోలేదు. వాటి మధ్యలోంచి ఐదు వందల మీటర్ల పొడవున ఎర్రటి బెంచీ ఒకటి మెలికలు తిరుగుతూ వేయించారు. కూర్చోవడానికి అదే, రాత్రిపూట లోపలినుంచి వెలిగే దీపం అదే, నడిచేవాళ్లకు దారి చూపేదీ అదే. అంతకుమించి గట్టును పెద్దగా కదపలేదు. ‘రెడ్ రిబ్బన్’ అని పేరుపడిన ఆ పార్కు 2007లో పూర్తయింది.

జీవవైవిధ్యాన్ని కాపాడటం ఒక వృత్తి అనీ, జనానికి పనికొచ్చే కట్టడాలు గీయడం ఇంకో వృత్తి అనీ మన లెక్క. మొదటిది అటవీ శాఖ చూసుకుంటుంది, రెండోది మున్సిపాలిటీ చూసుకుంటుంది. రెండింటికీ వేర్వేరు బడ్జెట్లు, వేర్వేరు ఫైళ్లు. యూ కొంగ్‌జియాన్ తన వృత్తి జీవితాన్ని ఈ రెండు ఫైళ్లనూ ఒకటి చేయడానికే వెచ్చించారు. చాలాచోట్ల చేసి చూపించారు కూడా. ఆయన పని తెలుసుకోవాల్సిన అవసరం తెలుగు నగరాలకు ఎంతో ఉంది. ఎందుకంటే ఆయన పరిష్కరించిన సమస్య ఐరోపా నగరాలది కాదు. నాలుగు నెలల్లో ఏడాది వాన అంతా కురిసి, మిగతా నెలల్లో నేల ఎండిపోయే రుతుపవన దేశాలది.

1963లో జెజియాంగ్ రాష్ట్రంలోని దోంగ్‌యూ అనే పల్లెలో ఓ రైతు కుటుంబంలో ఆయన పుట్టారు. వరి మళ్లు, కుంటలు, వాగు, ఏడాదికోసారి వరద, ఇదీ చిన్నతనం. పదేళ్ల వయసులో వాగు పొంగితే చూడటానికి గట్టు మీదికి పరుగెత్తారు. కాళ్ల కింద మట్టి విరిగి నీళ్లలో పడిపోయారు. ఒడ్డున ఉన్న విల్లో చెట్లు, రెల్లు ప్రవాహం జోరును తగ్గించాయి. వాటినే పట్టుకుని పైకి వచ్చారు. ఈ సంగతి ఆయన తర్వాత ఎన్నో వేదికల మీద చెప్పారు. అదే చోట సిమెంటు గోడ ఉండి ఉంటే తాను బతికేవాణ్ని కాదనేవారు. అది భావోద్వేగంతో అన్న మాటగా కొట్టిపారేయడానికి లేదు. గరుకైన గట్టు నీటి వేగాన్ని చంపుతుంది, నున్నటి గోడ పెంచుతుంది. హైడ్రాలిక్స్ పాఠం మొదటి అధ్యాయంలోనే ఈ విషయం ఉంటుంది. అయినా నదులకు గోడలు కట్టడం ఎక్కడా ఆగలేదు.

బీజింగ్ ఫారెస్ట్రీ యూనివర్సిటీలో చదివి, అక్కడినుంచి హార్వర్డ్ వెళ్లి 1995లో డాక్టరేట్ పూర్తిచేశారు. ఆయన సిద్ధాంతవ్యాసానికి పునాది ఒక సులువైన ప్రశ్న. ఒక ప్రాంతంలో నీళ్లు, మట్టి, జంతువులు, మొక్కలు బతికి ఉండాలంటే మొత్తం భూమినంతా తాకకుండా వదిలేయాలా? అక్కర్లేదన్నారు. కొన్ని కీలకమైన చోట్లు, వాటిని కలిపే కొన్ని దారులు ఉంటాయి. వాన నీరు చేరే పల్లం, పక్షి ఒక మడుగునుంచి ఇంకో మడుగుకు ఎగిరిపోయే వరుస, వరద విశ్రాంతి తీసుకునే మైదానం, ఇలాంటివి. వాటిని గుర్తించి చెయ్యి పడకుండా కాపాడితే మిగతా నేలలో ఊళ్లు కట్టుకోవచ్చు. ఈ కీలకమైన అల్లికకు ఆయన ‘సెక్యూరిటీ ప్యాటర్న్’ అని పేరు పెట్టారు. మామూలు మాస్టర్ ప్లాన్ ఎక్కడ ఏం కట్టాలో చెబుతుంది. ఆయన ప్లాన్ మొదట ఎక్కడ కట్టకూడదో గీస్తుంది. ఎంతమంది జనం పెరుగుతారు, ఎన్ని ఫ్లాట్లు కావాలి అన్న లెక్కలు ఆ తర్వాత వస్తాయి.

1997లో ఆయన చైనాకు తిరిగొచ్చి పెకింగ్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది ట్యూరెన్‌స్కేప్ అనే సొంత సంస్థ పెట్టారు. అప్పటి చైనా నగరాల్లో పోటీ ఒకటే: ఎవరి కూడలి పెద్దది, ఎవరి రోడ్డు వెడల్పు, ఎవరి నది గోడ ఎత్తు. ఆ హోరులో ఆయన చేసిన తొలి పనుల్లో ఒకటి జొంగ్‌షాన్ నగరంలో మూతపడ్డ నౌకా నిర్మాణ కేంద్రాన్ని పార్కుగా మార్చడం. తుప్పుపట్టిన క్రేన్లు, పట్టాలు అలాగే ఉంచి, వాటి మధ్య కలుపు మొక్కలని అందరూ పీకిపారేసే గడ్డినే పెంచారు. 2001లో అది తెరుచుకుంది. ఇదేం పార్కని పెదవి విరిచినవాళ్లున్నారు. వాళ్ల దృష్టిలో అందమంటే విదేశీ పచ్చిక, కత్తిరించిన మొక్కలు. ఆ అభిరుచిని ఆయన ఒకప్పుడు చైనాలో ఆడపిల్లల పాదాలు కట్టేసి చిన్నవిగా చేసిన ఆచారంతో పోల్చారు. నడవలేని పాదం అందంగా ఉందనుకున్నట్టే, పారలేని నది అందంగా ఉందనుకుంటున్నారని ఆయన ఆరోపణ. మాట కటువుగా ఉన్నా విషయం సూటిగా తగిలింది.

షెన్‌యాంగ్ ఆర్కిటెక్చర్ విశ్వవిద్యాలయం శివారులోని పాత వరి పొలాల్లోకి మారినప్పుడు ఆవరణ తీర్చిదిద్దే పని ఆయనకు వచ్చింది. డబ్బు తక్కువ, గడువు ఇంకా తక్కువ. ఆయన అక్కడ వరే వేయించారు. తరగతి గదుల పక్కన, హాస్టళ్ల ముందు, తిన్నటి బాటలు, వాటికి రెండువైపులా వరి మళ్లు. మళ్ల మధ్యలో చెట్టు నీడన కూర్చుని చదువుకునే అరుగులు. వాన నీటిని చెరువులోకి పట్టి మళ్లకు పారిస్తారు. నాట్లకూ కోతలకూ విద్యార్థులే దిగుతారు. పండిన బియ్యాన్ని చిన్న సంచుల్లో కట్టి వచ్చిన అతిథులకు జ్ఞాపికగా ఇస్తారు. పల్లె వదిలి పట్టణానికి చదువుకోసం వచ్చిన పిల్లలు వరిని చూసి చిన్నబుచ్చుకునే కాలంలో, దాన్నే క్యాంపస్ అలంకారంగా నిలబెట్టిన ధైర్యం మెచ్చుకోదగ్గది.

అయితే జీవవైవిధ్యం విషయంలో ఆయన పనితనం తేటతెల్లంగా కనిపించేది టియాంజిన్‌లోని చియావ్‌యువాన్ పార్కులో. ఇరవై రెండు హెక్టార్ల ఆ స్థలం ఒకప్పుడు తుపాకులు కాల్చే మైదానం. తర్వాత చెత్తదిబ్బ అయింది. నేల చవుడు, ఉప్పు పేరుకుని చెట్టు నిలవదు. మట్టి మార్చి, ఎరువు పోసి, ఖరీదైన మొక్కలు తెచ్చి నాటితే రెండేళ్లలో చచ్చిపోతాయి. ఆయన చేసింది వేరు. స్థలం నిండా ఇరవై ఒక్క గుంతలు తవ్వించారు. పది మీటర్ల వెడల్పున్నవి కొన్ని, నలభై మీటర్లవి కొన్ని. లోతులు కూడా వేర్వేరు. కొన్ని గుంతల్లో ఎప్పుడూ నీరుంటుంది, కొన్ని వానాకాలంలోనే నిండుతాయి, కొన్నింట్లో తడి మాత్రమే ఉంటుంది, మట్టి పోసిన దిబ్బలు కొన్ని పొడిగానే ఉంటాయి. వాన నీరు నిలిచిన చోట ఉప్పు కడుక్కుపోతుంది, లేనిచోట మిగిలిపోతుంది. అంటే ఒక్కో గుంతలో నేల గుణం ఒక్కో రకం. వాటిలో రకరకాల విత్తనాలు చల్లి వదిలేశారు. ఏ గుంతకు ఏ మొక్క నప్పుతుందో అది అక్కడ నిలబడింది, నప్పనిది పోయింది, చల్లనివి కూడా గాలికి వచ్చి మొలిచాయి. గుంతల్లోకి చెక్క వేదికలు దింపి జనం కూర్చునే వీలు కల్పించారు. డిజైనర్ ఇక్కడ మొక్కను ఎంచుకోలేదు, మొక్క తనకు తాను చోటు ఎంచుకునే పరిస్థితిని గీశారు. ఆకులు రాలే కాలంలో పార్కు వాడినట్టు కనిపిస్తుంది. అలా కనిపించడం మంచిదేనని ఆయన వాదించి నెగ్గారు.

హార్బిన్‌లోని చున్లీలో సమస్య ఇంకో రకం. ఇరవై ఏడు వందల హెక్టార్లకు పైగా కొత్త పట్టణం లేస్తోంది. నడిమధ్యలో ముప్ఫై నాలుగు హెక్టార్ల చిత్తడి నేల. చుట్టూ రోడ్లు వేయడంతో నీరు వచ్చే దారులు మూసుకుపోయి అది ఎండిపోతోంది. మధ్యభాగంలో మనుషులు అడుగుపెట్టకుండా వదిలేశారు. అంచు చుట్టూ మాత్రం మట్టి తవ్వి కుంటలు చేశారు, తవ్విన మట్టినే పక్కన దిబ్బలుగా పోశారు. బయటినుంచి మట్టి రాలేదు, లోపలినుంచి మట్టి పోలేదు. చుట్టుపక్కల వీధుల్లో కురిసిన వాన గొట్టాల్లో వచ్చి ముందు ఈ కుంటల్లో పడుతుంది. ఒండ్రు అక్కడ దిగి, మురికి గడ్డి వేళ్లకు పట్టుకుని, తేరుకున్న నీరు మధ్యలోని చిత్తడికి చేరుతుంది. దిబ్బల మీద భూర్జ వృక్షాలు నాటారు. వాటి పైనుంచి ఎత్తయిన నడక వంతెన. జనం పైన నడుస్తారు, పక్షులు కింద ఉంటాయి. పట్టణానికి వరద తగ్గింది, ఎండుతున్న మడుగు బతికింది, నగరవాసులకు షికారు దొరికింది. ఒక్క పనికి మూడు ప్రయోజనాలు. చున్లీకి జాతీయ పట్టణ చిత్తడినేల హోదా వచ్చింది కూడా.

షాంఘైలో 2010 ప్రపంచ ప్రదర్శన కోసం హువాంగ్‌పు నది ఒడ్డున పాత ఫ్యాక్టరీల స్థలంలో చేసిన హౌటాన్ పార్కు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కిలోమీటరున్నర పైచిలుకు పొడవున మెట్లు మెట్లుగా గడ్డి మళ్లు. నది మురికి నీరు రోజుకు దాదాపు 2,400 ఘనపు మీటర్లు వాటిలోంచి పారి శుభ్రపడుతుంది. బ్యాంకాక్‌లో పాత పొగాకు ఫ్యాక్టరీ స్థలంలో 2022లో తెరిచిన బెంజకిట్టి అడవి పార్కుదీ ఇదే తీరు. కూలగొట్టిన కాంక్రీటును అక్కడే వాడి, మట్టితో వందల చిన్న లంకలు పోసి, నీళ్ల మధ్య చెట్లు నిలబెట్టారు.

ఇవన్నీ గీత గీసినంత మాత్రాన లేవలేదు. యూ కొంగ్‌జియాన్ వృత్తిలో సగం భాగం మేయర్లకు పాఠాలు చెప్పడం. నగర పాలకుల శిక్షణ తరగతుల్లో ఏళ్ల తరబడి ఉపన్యాసాలిచ్చారు. నేతలకు ఉత్తరాలు రాశారు, వాటిని తర్వాత పుస్తకంగా వేశారు. ప్రజాహిత వాస్తుశిల్పం అంటే పేదలకు తక్కువ ఖర్చులో ఇల్లు కట్టివ్వడమొక్కటే అనుకునేవాళ్లు ఈ భాగాన్ని గమనించాలి. నిర్ణయాలు జరిగే గదిలోకి వెళ్లి, టెండరు పిలవకముందే దాని రూపం మార్చగలిగితే కోట్లమందికి మేలు. ఆర్కిటెక్టులలో ఎక్కువమంది ఆ గది బయటే ఆగిపోతారు.

2012 జులై 21న బీజింగ్‌లో కుండపోత కురిసి 79 మంది చనిపోయారు. రాజధాని నడిరోడ్ల మీద కార్లలో మనుషులు మునిగిపోయారు. అప్పటిదాకా పాలకులు వినీవిననట్టున్న యూ మాటలకు ఆ తర్వాత బరువొచ్చింది. 2013 చివర చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ నగరాలు స్పాంజిలా నీటిని పీల్చుకునేలా ఉండాలని ప్రకటించారు. 2015లో పదహారు, మరుసటి ఏడాది పద్నాలుగు, మొత్తం ముప్ఫై నగరాల్లో ‘స్పాంజ్ నగరాల’ పథకం ప్రయోగాత్మకంగా మొదలైంది. 2030 నాటికి నగర విస్తీర్ణంలో 80 శాతం మేర వాన నీటిలో 70 శాతాన్ని అక్కడికక్కడే ఇంకించుకోవాలన్నది లక్ష్యం.

తర్వాత జంగ్‌జౌ వచ్చింది. 2021 జులై 20న ఆ నగరంలో గంటలో 201.9 మిల్లీమీటర్ల వాన పడింది. మెట్రో సొరంగంలో రైలు పెట్టెల్లో చిక్కుకుని పద్నాలుగు మంది చనిపోయారు. జంగ్‌జౌ కూడా స్పాంజ్ నగరం పనులు చేపట్టినదే. ఇంత ఖర్చుపెట్టి ఏం సాధించారని విమర్శలు వెల్లువెత్తాయి. ఆ విమర్శ న్యాయమైనదే. గంటకు రెండు వందల మిల్లీమీటర్లను ఏ మడుగూ పీల్చుకోలేదు, ఆ మాట ముందే చెప్పి ఉండాల్సింది. పేరు స్పాంజ్ నగరమే అయినా చాలాచోట్ల నిధులు గొట్టాలకు, నీరింకే టైల్సుకు, అక్కడో ముక్క ఇక్కడో ముక్క పచ్చదనానికి పోయాయి. యూ చెప్పింది మొత్తం పరీవాహకాన్ని ముందు గీయమని. అమలైంది కాలనీకో పూలకుండీ. ఒక మంచి ఆలోచన ప్రభుత్వ పథకంగా మారేటప్పుడు దాని పేరు మిగిలి సారం కారిపోవడం మనకు తెలియని సంగతి కాదు.

ఆయన పని మీద ఇంకో అభ్యంతరం కూడా ఉంది. చున్లీ మడుగు చుట్టూ ఇప్పుడు ఆకాశాన్నంటే అపార్టుమెంట్లు నిలబడ్డాయి. పార్కు అందంగా మారితే పక్కనున్న భూమి ధర లేస్తుంది. ఆ లాభం ఎవరికి పోతుంది, అక్కడ గుడిసె వేసుకున్నవాళ్లు ఎక్కడికి పోతారు అన్న ప్రశ్నలకు డిజైన్‌లో జవాబు ఉండదు. నగరాల్లో భూమి అంతా ప్రభుత్వానిదే అయిన దేశంలో, ఒక మేయర్ ఊ అంటే పని జరిగిపోయే చోట చేసినవి ఇవి. పట్టా భూములు, కోర్టు స్టేలు, ఎన్నికలు ఉన్నచోట అంత వేగం కుదరదు, కుదరకూడదు కూడా. ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది వేగం గురించి కాదు, పనిలో ఏది ముందు ఏది వెనక అన్నదాని గురించి.

తెలుగు నేల మీద ఈ క్రమం కొత్తది కానే కాదు. కాకతీయులు రామప్ప, పాఖాల, లక్నవరం చెరువులు తవ్వించినప్పుడు, ఒక చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండేలా గొలుసు కట్టారు. వాన నీటికి చోటు చూపించాక ఆయకట్టు, దాని తర్వాత ఊరు. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాద్‌ను ముంచి వేలమందిని పొట్టనపెట్టుకున్నాక, విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. వాటి చుట్టూ పది కిలోమీటర్ల మేర కట్టడాలను నియంత్రిస్తూ 1996లో జీవో 111 వచ్చింది. ఎక్కడ కట్టకూడదో ముందు చెప్పిన ప్లాన్ అంటే అచ్చంగా ఇదే. ఆ ఆంక్షలను తీసేస్తూ 2022 ఏప్రిల్‌లో జీవో 69 వెలువడింది. రైతుల భూమి ధరలను ఒక పంచాయితీగా, నగరం నీళ్లను ఇంకో పంచాయితీగా విడివిడిగా తేల్చబోతే రెండూ తేలవు. పరీవాహక ప్రాంతంలో భూమి అట్టిపెట్టుకున్న రైతుకు నగరం ఏం చెల్లించాలన్నది మొదట మాట్లాడాలి. ఆ మాట ఇప్పటికీ ఎవరూ గట్టిగా ఎత్తడం లేదు.

విజయవాడ సంగతి ఇంకా దగ్గరిది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మేడ మీద నిలబడి పాల ప్యాకెట్ కోసం పడవను పిలిచిన జనాన్ని రాష్ట్రమంతా టీవీల్లో చూసింది. మైలవరం కొండల్లో పుట్టిన బుడమేరు చివరికి చేరేది కొల్లేరుకు. అక్కడినుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. చేపల చెరువుల గట్లు సరస్సును ముక్కలు చేశాయని 2006లో వాటిని పేల్చేశారు. మళ్లీ వెలిశాయి. గూడబాతులకు ఉన్న సరస్సు, విజయవాడ వరద సర్దుకునే సరస్సు వేర్వేరు కావు. కానీ మన దగ్గర పక్షుల మాట ఎత్తేవాళ్లు వరద సమీక్షలో ఉండరు, వరద గోడలు గీసే ఇంజనీర్లు అభయారణ్యం సమావేశంలో ఉండరు. ఇద్దర్నీ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టే వృత్తి ఒకటుందని యూ కొంగ్‌జియాన్ జీవితం చెబుతోంది. ఆ చదువు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. విజయవాడలోనే ఉన్న స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ పీజీ కోర్సు ఉంది. అక్కడ చదివిన పిల్లలకు మున్సిపాలిటీల్లో, నీటిపారుదల శాఖలో కుర్చీ ఉండాలి. లేకపోతే వాళ్లు విల్లాల ముందు పచ్చిక గీయడానికి పోతారు. తప్పు వాళ్లది కాదు.

2023లో యూకు ల్యాండ్‌స్కేప్ రంగంలో పెద్ద బహుమతుల్లో ఒకటైన ఓబర్‌లాండర్ బహుమతి దక్కింది. రెండేళ్ల తర్వాత, 2025 సెప్టెంబరు 23న, బ్రెజిల్‌లోని పాంటనాల్ చిత్తడినేలల మీద చిన్న విమానం కూలి చనిపోయారు. స్పాంజ్ నగరాల మీద డాక్యుమెంటరీ తీయడానికి వచ్చిన ఇద్దరు దర్శకులు, పైలట్ కూడా ఆ ప్రమాదంలో పోయారు. ఆయనకు 62 ఏళ్లు.

మన ఊళ్లలో చెరువు పనంటే ‘సుందరీకరణ’. కట్ట మీద టైల్స్, రెయిలింగ్, రంగు దీపాలు, సెల్ఫీ పాయింట్, చుట్టూ రిటైనింగ్ వాల్. గోడ లేచిన రోజునే తుంగ, జమ్ము పోతాయి, వాటిలో గూడు కట్టే నీటికోడి పోతుంది, గట్టు వార నీళ్లలో గుడ్లు పెట్టే కప్ప పోతుంది, దోమ మిగులుతుంది. ఈ అలవాటు మారాలంటే ఉపన్యాసాలకన్నా టెండరు కాగితంలో నాలుగు వాక్యాలు మారడం ముఖ్యం. డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) రాయకముందు ఒక ఎండాకాలం, ఒక వానాకాలం ఆ చెరువును చూసి రావాలి. నీరు ఎటునుంచి వస్తుంది, ఏ నాలా మూసుకుపోయింది, శిఖం (చెరువు మునక నేల) ఎంతదాకా ఉండేది, ఏ పక్షులు, ఏ చేపలు, ఏ గడ్డి ఉన్నాయి అన్న లెక్క తీసి డీపీఆర్‌కు జతచేయాలి. చేపలు పట్టేవాళ్లనూ, బర్రెలు తోలుకొచ్చేవాళ్లనూ అడక్కుండా ఆ లెక్క పూర్తవదు. గట్టులో కనీసం సగం పొడవునైనా గోడ లేకుండా వాలుగా, మొక్కలతో వదలాలి. పని ముగిశాక రెండు వానాకాలాలు గడిచిన తర్వాత అదే లెక్క మళ్లీ తీయించి, రెండు లెక్కలనూ పక్కపక్కనే కట్ట మీద బోర్డు కట్టాలి. కన్సల్టెంటు ఆఖరి బిల్లు ఆ బోర్డు పెట్టాకే పాస్ కావాలి.